ఇరవై చిల్లర మంది ఎక్కడివాళ్లు?

కెప్టెన్ జాన్ స్మిత్ వర్జీనియా చరిత్ర రాసి 1624లో లండన్‌లో అచ్చేయించాడు. అందులో 1619వ సంవత్సరం దగ్గర, ఇతర కబుర్ల మధ్య, ఒక్క ముక్క తగులుతుంది. ఆగస్టు నెలాఖరున ఒక డచ్చి యుద్ధనౌక వచ్చి తమకు ఇరవై మంది నల్లవాళ్లను అమ్మిందని. తమకు అన్నాడు గానీ స్మిత్ అప్పుడు అక్కడ లేడు. 1609లో మందుగుండు పేలి ఒళ్లు కాలిన స్థితిలో వర్జీనియా వదిలి ఇంగ్లండ్ వెళ్లినవాడు మళ్లీ అక్కడ అడుగుపెట్టలేదు. వేరెవరో రాసిన దాన్ని తీసుకుని, కత్తిరించి, తన పుస్తకంలో పెట్టుకున్నాడు.

ఆ కత్తిరింపు మీదే దాదాపు మూడు వందల ఏళ్లు చరిత్ర నడిచింది. ఓడ డచ్చిది కాబట్టి తెచ్చినవాళ్లు డచ్చి వర్తకులే అనుకున్నారు. అట్లాంటిక్ దాటే ఓడలు వెస్టిండీస్ మీదుగానే వస్తాయి కాబట్టి ఆ బందీలు కూడా అక్కడి దీవుల్లో కొన్నేళ్లు చాకిరీ చేసి, తెల్లవాళ్ల భాషా అలవాట్లూ ఒంటబట్టినవాళ్లే అయివుంటారనుకున్నారు. అంతకుమించి తేల్చే దారి లేదని వదిలేశారు. బానిసత్వం గురించీ, దాని మీద 1861లో మొదలైన అంతర్యుద్ధం గురించీ లైబ్రరీలు నిండిపోయేన్ని పుస్తకాలు వచ్చాయి. ఆ కథకి మొదట్లో నిలబడ్డ మనుషులు మాత్రం ఊరూ పేరూ లేకుండానే ఉండిపోయారు. (మొదట్లో అన్నది ఇంగ్లిష్ వలసల వరకే సుమా. ఫ్లోరిడాలో స్పెయిన్‌వాళ్లు 1565లో సెయింట్ ఆగస్టీన్ ఊరు కట్టినప్పుడే వాళ్ల వెంట ఆఫ్రికన్లు ఉన్నారు.)

స్మిత్ కత్తెర వేసింది జాన్ రాల్ఫ్ ఉత్తరానికి. రాల్ఫ్ అంటే పోకహాంటస్ భర్త. వర్జీనియా నేలలో లండన్ బజారుకి నచ్చే పొగాకు పండించి, చావుకి దగ్గరైన వలసను నిలబెట్టింది ఇతనే. భార్య ఇంగ్లండ్‌లో చనిపోయి అప్పటికి మూడేళ్లు కావస్తోంది. 1620 జనవరిలో అతను లండన్‌లో వర్జీనియా కంపెనీ వ్యవహారాలు చూసే సర్ ఎడ్విన్ శాండిస్‌కి గడిచిన ఏడాది విశేషాలు పొడుగ్గా రాశాడు. అసలు సంగతులన్నీ అందులో ఉన్నాయి.

ఓడ వచ్చి ఆగింది జేమ్స్‌టౌన్‌లో కాదు, దానికి బాగా దిగువన, నది సముద్రపు ఖాతంలో కలిసే పాయింట్ కంఫర్ట్ దగ్గర. ఓడ 160 టన్నులది. నాయకుడి పేరు జోప్. వెస్టిండీస్ దారులు తెలిసిన పైలట్ ఒకడున్నాడు, పేరు మార్మడ్యూక్, ఇంగ్లిష్‌వాడు. ఇరవై చిల్లర మంది నల్లవాళ్లు తప్ప ఓడలో వేరే సరుకేమీ లేదు. తిండికి కటకటగా ఉందని జోప్ చెప్పుకున్నాడు. గవర్నరూ, కంపెనీ గిడ్డంగులు చూసే పెద్ద వర్తకుడూ ఆహార సామాన్లిచ్చి, కుదిరినంత చౌకలో ఆ మనుషుల్ని తీసుకున్నారు.

ఇవి నిదానంగా చదివితే వర్తకుడి కథ నిలవదు. ఆ రోజుల్లో ఆఫ్రికా నుంచి బానిసల్ని తెచ్చే ఓడల్లో వందల మందిని కుక్కేవారు. లాభసాటి బేరం అనేదే ఆ కుక్కడం మీద ఆధారపడింది. 160 టన్నుల ఓడలో ఇరవై చిల్లర మంది, వేరే సరుకు సున్నా, తిండి సున్నా! ఇది సరుకు ఎత్తుకుని బయల్దేరిన ఓడ కాదు. మధ్యలో ఇంకెవరి మీదో పడి, చేతికందినంత లాక్కుని, తిండి అయిపోయేలోగా ఎవరికో ఒకరికి అంటగట్టాలని వచ్చిన ఓడ. రాల్ఫ్ దాన్ని యుద్ధనౌక అనే రాశాడు. ఆ కాలంలో ఆ మాట కింద శత్రుదేశపు ఓడల్ని దోచుకోవచ్చని ఏదో ఒక ప్రభువు దగ్గర అనుమతిపత్రం పుచ్చుకుని తిరిగే సొంత ఓడలు కూడా వచ్చేవి. పత్రం చెల్లినంత కాలం వాళ్లు సైనికులు, చెల్లకపోతే సముద్రపు దొంగలు.

మరి ఎవరి మీద పడ్డారు? ఉత్తరంలోనే తర్వాతి సంగతి ఉంది. జోప్ వచ్చిన మూడు నాలుగు రోజులకి ట్రెజరర్ అనే ఇంకో ఓడ వచ్చింది. గవర్నర్ కోరిక మీద తానూ, లెఫ్టినెంట్ పియర్సూ, యూయెన్స్ అనే మరొకాయనా దాన్ని జేమ్స్‌టౌన్‌కి పిలుచుకురావడానికి బయల్దేరామని రాల్ఫ్ రాశాడు. వాళ్లు దిగువకి చేరేసరికి ఓడ తెరచాపలెత్తి వెళ్లిపోయిందట. రేవు దగ్గరి జనం దానికి తిండి సామాన్లివ్వడానికి ఒప్పుకోలేదట.

స్మిత్ వాక్యంలో ట్రెజరర్ ఊసే లేదు. చిక్కుముడి మొదలయ్యేది అక్కడే.

ట్రెజరర్ రాల్ఫ్‌కి పరాయి ఓడ కాదు. 1613లో పోకహాంటస్‌ని మాయ చేసి ఎక్కించి బందీగా పట్టుకుపోయింది ఆ ఓడలోనే. 1616లో రాల్ఫ్ ఆమెను వెంటబెట్టుకుని ఇంగ్లండ్ ప్రయాణం చేసిందీ ఆ ఓడ మీదే. దాని కెప్టెన్‌గా ఒకప్పుడు ఉన్న శామ్యూల్ ఆర్గల్ తర్వాత వర్జీనియాకే డిప్యూటీ గవర్నరయ్యాడు. ఓడలో వాటాదారు కూడా. ఆర్గల్ వెనక లండన్‌లో రిచ్ కుటుంబం ఉంది, దానికి పెద్ద వార్విక్ ప్రభువు. వీళ్ల వర్గానికీ శాండిస్ వర్గానికీ కంపెనీలో ఉప్పూ నిప్పూ. ఆర్గల్ మీద విచారణ తప్పదని తెలిసి 1619 ఏప్రిల్‌లో, కొత్త గవర్నర్ జార్జ్ యార్డ్‌లీ దిగడానికి కొద్ది రోజుల ముందే, అతన్ని గుట్టుగా ఓడెక్కించి దాటించేశారు.

ఈ గొడవంతా తెలిస్తే రాల్ఫ్ ఉత్తరం మరోలా కనిపిస్తుంది. అతను రాస్తున్నది శాండిస్‌కి. శత్రువర్గపు ఓడ దోపిడీకి వెళ్లొచ్చిందన్న కబురు శాండిస్‌కి పనికొచ్చేదే. కానీ అదే దోపిడీలో వచ్చిన మనుషుల్ని తమ గవర్నరే కొన్నాడన్నది చెప్పక తప్పని ఇబ్బంది. అందుకే అమ్మిన ఓడేమో డచ్చిదయింది. ఇంగ్లిష్ ఓడేమో తాము వెళ్లేలోగా మాయమయింది. రాల్ఫ్ అబద్ధం ఆడాడని అనను. ఏది ముందు చెప్పాలో, ఏది పొడిగా వదిలేయాలో బాగా ఎరిగిన మనిషి అంటాను.

రెండో సాక్షి జాన్ పోరీ. వర్జీనియా కార్యదర్శి. ఆ ఏడాది జులై 30న జేమ్స్‌టౌన్ చర్చిలో కూడిన ప్రతినిధుల సభకి స్పీకరు. 1619 సెప్టెంబరు 30న, అంటే సంఘటన జరిగి నెల కావస్తుండగా, ఒక దౌత్యాధికారికి ఉత్తరం రాశాడు. జోప్ ఓడ ఫ్లషింగ్ రేవుదని అందులో ఉంది. దానికీ ట్రెజరర్‌కీ వెస్టిండీస్‌లో అనుకోకుండా జత కుదిరిందని కూడా ఉంది. ట్రెజరర్ దగ్గర ఉన్నది సవాయ్ ప్రభువు ఇచ్చిన అనుమతిపత్రం. ఇటలీ వైపు ఉండే ఆ చిన్న రాజ్యానికి స్పెయిన్‌తో తగువు ఉండేది. కానీ ఆ తగువు అప్పటికే సంధితో ముగిసిపోయిందని పోరీ కుండబద్దలు కొట్టాడు. లాభం మీద ఆశతో ఆర్గలే ఓడకి సామాన్లు, మనుషులు సమకూర్చి మళ్లీ దోపిడీకి పంపాడని కూడా చెప్పాడు.

సంధి అయిపోయాక ఆ పత్రం చిత్తుకాగితం. దాన్ని పట్టుకుని స్పెయిన్ రాజు ప్రజల ఓడ మీద పడితే అది పచ్చి సముద్రపు దొంగతనం. ఇంగ్లండ్ రాజు మొదటి జేమ్స్‌కి అప్పుడు స్పెయిన్‌తో స్నేహం కావాలి. స్పెయిన్‌వాళ్ల ఊరి మీద తన మనుషులు దాడి చేశారన్న కారణంతో వాల్టర్ రాలీ అంతటివాడి తల తీయించి ఏడాది కూడా కాలేదు. అది 1618 అక్టోబరు. ఇక ఎవడు నోరు విప్పి చెబుతాడు, మా ఓడే కొట్టుకొచ్చిందని?

జోప్ ఓడ పేరు వైట్ లయన్. ఫ్లషింగ్ రేవు నెదర్లాండ్స్‌లో ఉన్నా, అప్పుకి హామీగా 1616 దాకా ఇంగ్లిష్ సైన్యం చేతిలో ఉండేది. అందువల్ల అక్కడి అనుమతిపత్రాలతో తిరిగే ఇంగ్లిష్ నావికులకి కొదవలేదు. జోప్ కూడా ఇంగ్లిష్‌వాడే. కాగితం డచ్చిది, కెప్టెనూ పైలటూ ఇంగ్లిష్‌వాళ్లు. మూడు వందల ఏళ్లు పాఠాల్లో దోషులుగా నిలబడ్డ డచ్చి వర్తకులు ఇక్కడితో తప్పుకున్నారు. ఈ ఒక్క కేసులో మాత్రమే లెండి. తర్వాతి దశాబ్దాల్లో ఆ వ్యాపారంలో వాళ్ల వాటా తక్కువేం కాదు.

ఇంతవరకూ దోచినవాళ్ల వైపు కాగితాలే చూశాం. ఎవర్ని దోచుకున్నారన్నది వాటిలో దొరకదు. దొంగతనం చేసినవాడు లెక్క రాయడు. పోగొట్టుకున్నవాడే రాస్తాడు, అదీ పన్ను కట్టేటప్పుడైతే మరీ వివరంగా. ఈ సంగతి వర్జీనియా చరిత్ర రాసేవాళ్లకి తట్టలేదు, లేదా స్పానిష్ చిట్టాల జోలికి పోయే ఓపిక వాళ్లకి లేదు. అది పట్టుకున్నది ఎంగెల్ స్లూయిటర్, బర్కిలీలో చరిత్ర చెప్పి రిటైరైన పెద్దాయన. ఆయన పని వేరు. అమెరికా ఖండంలో స్పెయిన్ ఖజానా లెక్కలు తిరగేస్తున్నాడు. సెవిల్‌లోని ఇండీస్ ఆర్కైవ్స్‌లో, మెక్సికో తీరపు వెరాక్రూజ్ రేవు సుంకం లెక్కల్లో ఒక జమ పద్దు దగ్గర ఆగాడు. 1997లో దాన్ని అచ్చుకిచ్చాడు. కొద్ది పేజీల వ్యాసం.

ఆ లెక్కల ఏడాది 1619 జూన్ నడిమి నుంచి 1620 జూన్ దాకా. అందులో వెరాక్రూజ్‌కి బానిసల్ని తెచ్చిన ఓడలు ఆరు. ఆరూ సరుకెత్తుకున్నది ఒకే చోట, ఇప్పటి అంగోలా రాజధాని లువాండాలో. ఆరింటిలో దారిలో దాడికి గురైనట్టు రాసివున్నది ఒక్కటే, సాన్ హువాన్ బౌతీస్తా. కెప్టెన్ పేరు మాన్యుయెల్ మెండెస్. కాంపెచే తీరం దగ్గర ఇంగ్లిష్ దొంగలు తనని దోచుకున్నారని అతను చెప్పుకున్నాడు. మిగిలినవాళ్లని సాంతా ఆనా అనే చిన్న ఓడలోకి మార్చి 1619 ఆగస్టు 30న రేవు చేర్చాడు.

పద్దులోని అంకెల్ని కాస్త దగ్గరగా చూద్దాం. లువాండాలో ఎక్కించింది 350 మందిని, పెద్దా చిన్నా కలిపి. సెవిల్‌లో అతనికిచ్చిన లైసెన్సు 200 మందికే. మిగతా 150 మంది సంగతి తర్వాత చెప్పుకుంటాడన్నమాట. గుమాస్తా అదేమీ వింతగా చూడలేదు, రాసుకుని ముందుకి పోయాడు. దారిలో రోగాలు. చాలామంది చనిపోయారు, చాలామంది మంచాన పడ్డారు. మందూ తిండీ కోసం జమైకాలో ఆగినప్పుడు కెప్టెన్ 24 మంది కుర్రాళ్లను అమ్ముకున్నాడు. దోపిడీ పోగా అతనికి మిగిలినవాళ్లు 147 అని తేల్చారు, జమైకాలో అమ్మిన 24 మందీ అందులోనే. వాళ్లు వెరాక్రూజ్ ముఖం చూడకపోయినా సుంకం మాత్రం 147 మీదా వేశారు. మెండెస్ 8,600 పెసోలకి పైగా కట్టాడు. పద్దులో మనుషులని ఉండదు, సరుకు బేళ్లకి వేసినట్టు నగాల లెక్క.

350లో 147 తీసేస్తే 203. జోప్ వర్జీనియాలో దింపింది ఇరవై చిల్లర. ట్రెజరర్ ఆ తర్వాత బెర్ముడా దీవికి చేర్చింది రెండు డజన్లకి అటూ ఇటూ. రెండు ఓడలూ కలిసి ఎత్తుకుపోయింది యాభై, అరవై మంది అని చరిత్రకారుల అంచనా. ఎక్కువలో ఎక్కువ అరవై అనుకున్నా ఇంకా 140 మందికి పైగా లెక్కకి రారు. వాళ్లు సముద్రంలో పోయారు. స్మిత్ వాక్యంలోని ఇరవై వెనక ఇంత పెద్ద అంకె ఉందని ఊహించడానికి అంతవరకూ ఎవరికీ ఆధారం లేకపోయింది.

తేదీలు కుదురుతాయా? సాంతా ఆనా వెరాక్రూజ్ చేరింది ఆగస్టు 30న. జోప్ పాయింట్ కంఫర్ట్ చేరింది ఆగస్టు చివర్లో. పైపైన చూస్తే రెండూ ఒకే రోజుల్లో పడ్డట్టుంటాయి. కానీ స్పెయిన్ 1582 నుంచే కొత్త గ్రెగోరియన్ కేలండర్‌లోకి మారింది. ప్రొటెస్టెంటు ఇంగ్లండ్ పోపు పెట్టిన కేలండరు మాకెందుకని పాతదాన్నే పట్టుకు కూర్చుంది. రెంటికీ పది రోజుల తేడా. వెరాక్రూజ్‌లో ఆగస్టు 30 అంటే వర్జీనియాలో ఆగస్టు 20. కొల్లబడ్డ ఓడ పడమరగా దగ్గర్లోని రేవుకి ముందు చేరింది. దొంగలు ఫ్లోరిడా చుట్టి ఉత్తరానికి పోయి, కొన్ని రోజుల తర్వాత వర్జీనియాలో తేలారు. చక్కగా అతుకుతుంది. ఇంగ్లిష్ దొంగలన్న మెండెస్ మాటా, డచ్చి ఓడన్న రాల్ఫ్ మాటా ఒకదాన్నొకటి కొట్టెయ్యవు. మెండెస్ చూసింది మనుషుల్ని, రాల్ఫ్ ఎత్తి చెప్పింది కాగితాన్ని.

లువాండా అనేది రేవు మాత్రమే. అక్కడికి ఎక్కణ్ణుంచి తెచ్చారు? ఈ కొస అందుకున్నది ఆఫ్రికా చరిత్ర మీద పనిచేసే జాన్ థార్న్‌టన్. స్లూయిటర్ వ్యాసం వచ్చిన మరుసటి ఏడాదే, 1998లో, ఆయన దీని మీద రాశాడు. ఓడ బయల్దేరిన కాలం తెలిస్తే ఆ కాలంలో లువాండా వెనక నేల మీద ఏం జరుగుతోందో చూడొచ్చు. 1617లో పోర్చుగీసు గవర్నరుగా లూయిస్ మెండెస్ దె వాస్కొన్సెలోస్ దిగాడు. మామూలుగా లోపలి సంతల నుంచి కొద్దికొద్దిగా వచ్చే బానిసలు అతనికి చాలలేదు. ఇంబంగలా అనే కిరాయి దోపిడీ దళాలతో చేతులు కలిపి 1618లో, 1619లో న్‌డోంగో రాజ్యం మీద పడ్డాడు. క్వాంజా, లుకాలా నదుల నడుమ ఉన్న రాజ్యం అది. రాజధాని కబాసాని కొల్లగొట్టారు. రాజు న్గోలా ఎంబండి నదిలోని లంకలోకి పారిపోయాడు. ఆయన సోదరే తర్వాతి కాలంలో పోర్చుగీసులకి దశాబ్దాల పాటు కంటిమీద కునుకు లేకుండా చేసిన రాణి న్జింగా. ఆ గవర్నర్ నాలుగేళ్ల ఏలుబడిలో ఆ తీరం నుంచి ఓడెక్కించినవాళ్లు 50,000 దాకా ఉంటారని ఒక అంచనా. ఈ ఆరు ఓడలూ ఆ ఉప్పెనలో వచ్చినవే.

కబాసా అంటే అడవి మధ్య నాలుగు గుడిసెలు కాదు. 1560లలో అక్కడ ఉన్న జెసూట్ పాదిరీ లెక్కన 5,000, 6,000 ఇళ్లు, ఇరవై ముప్ఫై వేల జనం. చుట్టుపక్కల జొన్నా చిరుధాన్యాలూ పండించేవాళ్లు, పశువుల మందలు మేపేవాళ్లు. మాట్లాడేది కింబుండు భాష. ఇలా చూస్తే పాయింట్ కంఫర్ట్‌లో దిగినవాళ్లు వెస్టిండీస్‌లో చాకిరీకి అలవాటుపడ్డ పాతకాపులు కారు. ఏడాది క్రితం దాకా, బహుశా అంతకన్నా తక్కువ కాలం క్రితం దాకా, సొంత ఊళ్లో సొంత ఇళ్లల్లో ఉన్నవాళ్లు. తలా ఒక దిక్కు నుంచి పోగుపడ్డవాళ్లూ కారు. ఒకే యుద్ధంలో చిక్కారు, ఒకే ఓడలో నెలల తరబడి నలిగారు, ఒకరి మాట ఒకరికి తెలుసు. ఆంటోనీ, ఇసబెల్లా, ఏంజెలా అని వర్జీనియా కాగితాల్లో కనబడే పేర్లకీ ఇక్కడే సమాధానం ఉంది. బానిసల్ని ఓడ ఎక్కించే ముందు బాప్తిస్మం ఇవ్వాలన్నది పోర్చుగీసుల నియమం. గొలుసులు తీయకుండానే పేరు పెట్టేవారు.

వర్జీనియా ఒడ్డున వాళ్ల ఆచూకీకి కంపెనీ పెట్టిన జనాభా లెక్కలే దిక్కు. 1625 మొదట్లో తీసిన లెక్కలో ఇంటింటి మనుషులూ, మొక్కజొన్నా, తుపాకులూ, పందులూ అన్నీ రాశారు. ఇంగ్లిష్ నౌకరైతే పేరు, వయసు, వచ్చిన ఓడ, వచ్చిన ఏడాది. ఆఫ్రికన్లు వలస మొత్తం మీద 23 మంది. ఎక్కువమందికి పేరైనా లేదు, ఇందరు మగవాళ్లు, ఇందరు ఆడవాళ్లు అని తేల్చేశారు. కానీ ఎవరింట్లో ఎందరున్నారో చూడండి. యార్డ్‌లీ ఇంట ఎనిమిది మంది. ఏబ్రహాం పియర్సీ దగ్గర ఏడుగురు. 1619లో యార్డ్‌లీ గవర్నరు, పియర్సీ కంపెనీ గిడ్డంగుల వర్తకుడు. తిండి సామాన్లిచ్చి కొన్నారని రాల్ఫ్ చెప్పిన ఆ ఇద్దరూ వీళ్లే. ఆరేళ్లు గడిచినా 23లో 15 మంది వాళ్ల చేతికిందే ఉన్నారు. రేవు దగ్గరే ఉన్న ఎలిజబెత్ సిటీలో, కెప్టెన్ విలియం టకర్ ఇంట్లో ఆంటోనీ, ఇసబెల్లా అనే జంట, బాప్తిస్మం పొందిన వాళ్ల పసివాడు విలియం. ఆ లెక్క మొత్తంలో కుటుంబంగా కనిపించే నల్లవాళ్లు దాదాపు వీళ్లే.

ఇంకో జనాభా లెక్క ఉంది. అది తెచ్చిన తలనొప్పి ఇంతా అంతా కాదు. కేంబ్రిడ్జిలోని మాడ్లిన్ కాలేజీలో దాచిన ఫెరార్ కుటుంబ కాగితాల్లో అది బయటపడింది. ఇంగ్లిష్‌వాళ్లు 892, స్థానిక ఇండియన్లు నలుగురు, ఆఫ్రికన్లు 32 మంది, అందులో మగవాళ్లు 15, ఆడవాళ్లు 17. కాగితం మీద కాలం మార్చి 1619 మొదలు. ఆగస్టులో ఓడ వస్తే మార్చిలోనే 32 మంది ఎలా ఉంటారు? 1990లలో ఒక పరిశోధకుడు దీన్ని పట్టుకుని, అయితే జోప్ తెచ్చినవాళ్లు మొదటివాళ్లు కానేకారని వాదించాడు. కథంతా తల్లకిందులయ్యేలా కనిపించింది.

ముడి మళ్లీ కేలండర్లోనే ఉంది. మనకి ఉగాదికి గానీ సంవత్సరం పేరు మారనట్టు, అప్పటి ఇంగ్లండ్‌లో అధికార లెక్కల ప్రకారం ఏడాది మారేది మార్చి 25న. మార్చి మొదట్లో రాసిన కాగితం మీద 1619 అని ఉంటే అది మన లెక్కకి 1620. రాల్ఫ్ జనవరి ఉత్తరం మీద కూడా అలాగే 1619 అనే ఉంటుంది. మార్తా మెకార్ట్‌నీ అనే చరిత్రకారిణి ఆ జనాభా కాగితాన్ని కంపెనీ తాలూకు ఇతర లెక్కలతో సరిపోల్చి, అది 1620 నాటిదేనని చూపించింది. ఇప్పుడు ఎక్కువమంది ఆ మాటే ఒప్పుకుంటారు, నాకూ అదే సబబనిపిస్తుంది. ఎందుకంటే దానికి ముందు వర్జీనియాకి అంతమంది ఆఫ్రికన్లు వచ్చారని చెప్పే ఉత్తరం గానీ, ఓడ గానీ ఒక్కటీ లేదు. ఒప్పుకుంటే మాత్రం ఇంకో ప్రశ్న మిగులుతుంది. జోప్ దింపింది ఇరవై చిల్లర. ఆరేడు నెలలకే 32 ఎలా అయ్యారు?

ఆ చిల్లరని ఎంత సాగదీసినా ముప్ఫై రెండుకి చేరదు. అయితే ట్రెజరర్ వట్టి చేతులతో వెళ్లిపోలేదు. ఎప్పుడో ఒకప్పుడు ఎవర్నో దింపింది. ఇది ఊహే అనుకుంటే, 1625 లెక్కలో జేమ్స్‌టౌన్ పేజీ తీయాలి. అక్కడ ఒక ఇంట్లో ఏంజెలా అనే నల్లజాతి స్త్రీ ఉంది. వయసు లేదు, వచ్చిన ఏడాది లేదు. ఓడ పేరు మాత్రం గుమాస్తా రాసుకున్నాడు, ట్రెజరర్. ఆ ఇల్లు విలియం పియర్స్‌ది. గవర్నరు మాట మీద రాల్ఫ్‌తో కలిసి ట్రెజరర్‌ని కలుసుకోవడానికి నది దిగువకి వెళ్లి, వెళ్లేసరికి ఓడ కనబడలేదన్న ముగ్గురిలో ఒకడు. రాల్ఫ్‌కి స్వయానా మామ కూడా. పోకహాంటస్ పోయాక రాల్ఫ్ పెళ్లాడింది పియర్స్ కూతురు జేన్‌నే.

ఓడ దొరకలేదన్నవాడి ఇంట్లో ఆ ఓడలో వచ్చిన మనిషి. ఆమె అక్కడికి ఏ రోజు చేరిందో చెప్పే కాగితం లేదు గానీ, ఎవరి చేతుల మీదుగా వచ్చి ఉంటుందో అనుమానించడానికి పెద్ద డిటెక్టివ్ అక్కర్లేదు.

ఆ తర్వాతి సంవత్సరాల్లో చట్టం మెల్లగా బిగుసుకుంది. 1662 నాటికి తల్లి బానిసైతే బిడ్డా బానిసే అని వర్జీనియా శాసనం చేసింది. అంటే టకర్ ఇంట పుట్టిన విలియం లాంటి పిల్లవాడి భవిష్యత్తు ఏ ఇంటి తొట్టిలో పడుకున్నాడన్న దాన్ని బట్టి కాక, ఎవరి కడుపున పుట్టాడన్న దాన్ని బట్టి తేలిపోయేది. పాయింట్ కంఫర్ట్ మీద తర్వాత ఒక రాతి కోట లేచింది, పేరు ఫోర్ట్ మన్రో. అంతర్యుద్ధం మొదలైన కొత్తలో, 1861 మేలో, ముగ్గురు బానిసలు రాత్రివేళ పడవలో తప్పించుకుని ఆ కోటకే వచ్చారు. అక్కడి ఉత్తరాది సేనాని బెంజమిన్ బట్లర్ వాళ్లని యజమానికి తిప్పి పంపనన్నాడు. కొద్ది నెలల్లో వందలమంది అదే దారి పట్టారు.

ట్రెజరర్ మీద స్పెయిన్ రాయబారి మొర పెట్టుకున్నా, కంపెనీలో వర్గాలు పరస్పరం దుమ్మెత్తిపోసుకున్నా, దోపిడీకి ఎవరి తలా పోలేదు. ఓడ శిథిలమై బెర్ముడాలో ఆగిపోయింది. దాని కెప్టెన్ డేనియెల్ ఎల్‌ఫ్రిత్ వార్విక్ కొలువులోనే మరిన్నేళ్లు సముద్రాల మీద తిరిగాడు. జేమ్స్‌టౌన్‌లో పియర్స్ ఇంటి స్థలాన్ని ఇటీవలి ఏళ్లలో పురావస్తు పరిశోధకులు తవ్వి చూశారు. 1625 తర్వాత ఏ లెక్కలోనూ ఏంజెలా పేరు లేదు. ఆమె దిగిన ఓడని తాము అందుకోలేకపోయామని పియర్స్ అల్లుడు రాసిన ఉత్తరం మాత్రం కేంబ్రిడ్జిలో, ఆ జనాభా లెక్క ఉన్న కట్టల్లోనే, ఇప్పటికీ భద్రంగా ఉంది.